మా కాలనీ ఇండోర్ పూల్‌లో ఏడు నెలలు ఈదాక

ముందే చెప్పేస్తున్నా, పేరు రాయను. కమిటీలో సగం మంది మా వీధివాళ్ళే, పొద్దున్నే పాల బూత్ దగ్గర మొహమొహాలు చూసుకోవాలి. విజయవాడలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగి లోపలికి వెళ్తే వచ్చే కాలనీల్లో ఒకటి అనుకోండి చాలు. పాత ఓపెన్ స్విమ్మింగ్ పూల్ తీసేసి దాని చోటే కప్పున్న పూల్ కట్టారు, డిసెంబర్లో తెరిచారు. మొదటి వారం నుంచీ వెళ్తున్నాను, వారానికి నాలుగు రోజులు, లేడీస్ బ్యాచ్. చలికాలం చూశాను, రోహిణి కార్తె చూశాను, ఇప్పుడు ముసురు కూడా చూస్తున్నాను కాబట్టి రాసే హక్కు వచ్చిందనే అనుకుంటున్నా. చేరాలా వద్దా అని ఇప్పటికి ఓ పదిమంది అడిగారు. చేరండి. కానీ ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. ఎందుకో చెప్పాలంటే పాత పూల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

పాతది తొంభైల్లో తవ్వింది. ఇరవై అయిదు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, ఒక చివర నడుం లోతు, ఇంకో చివర తల మునిగే లోతు. నేను ఈత నేర్చుకుంది అందులోనే, అదీ ముప్ఫై ఎనిమిదో ఏట. మా నాన్నగారు బందరు కాలువలో మునగబెండ్లు కట్టుకుని ఎనిమిదేళ్ళకే నేర్చేసుకున్నారట, నన్ను మాత్రం ఆడపిల్లకి కాలువేంటని గట్టు మీద కూర్చోబెట్టారు. 2016 పుష్కరాల్లో పద్మావతి ఘాట్‌లో మూడు మునకలు వెయ్యడానికి మా ఆయన చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాను. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగి నడుం లోతు నీళ్ళకి వణికిపోవడమేంటని ఆరోజే సిగ్గేసింది. మరుసటి ఎండాకాలం వెళ్ళి చేరాను.

అప్పట్లో ఆడవాళ్ళకి ఇచ్చిన టైము పదకొండు నుంచి పన్నెండున్నర. పొద్దున కోచింగ్ పిల్లలకి, సాయంత్రం మగవాళ్ళకి, ఎవరికీ అక్కర్లేనిది మాకు. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ పదకొండు గంటలంటే మీకు చెప్పక్కర్లేదు. గట్టు మీద కాలు పెడితే పెనం మీద పెట్టినట్టే. నీళ్ళు పైన రెండడుగులు స్నానానికి కాచినట్టుండేవి. పది రోజుల్లో మోచేతి కింద ఒక రంగు, పైన ఒక రంగు వచ్చేసేది. అదంతా భరించొచ్చు. భరించలేనిది ఎదురు అపార్ట్‌మెంట్. పూల్ కట్టినప్పుడు అక్కడ ఖాళీ స్థలం ఉండేదట, తర్వాత అయిదంతస్తులు లేచాయి, బాల్కనీలన్నీ మా మీదకే. పట్టపగలు అంతమంది మగవాళ్ళకి బాల్కనీలో ఫోన్ మాట్లాడే పని సరిగ్గా ఆ గంటన్నరలోనే ఎందుకు పడేదో ఆ భగవంతుడికే తెలియాలి. ఇరవై మందిమి చేరితే నెల తిరిగేసరికి ఆరుగురం మిగిలాం. కమిటీవాళ్ళు గ్రీన్ నెట్ కట్టించారు. తొలి గాలిదుమారానికి అది వచ్చి నీళ్ళలో పడింది.

నీళ్ళ సంగతి ఇంకోటి. ఓపెన్ పూల్‌లో క్లోరిన్‌కి పెద్ద శత్రువు ఎండ. స్టెబిలైజర్, అంటే ఎండకి క్లోరిన్ విరిగిపోకుండా కాపాడే మందు, కలపకపోతే మండే ఎండలో ఉన్న క్లోరిన్‌లో సగం గంటలోపే పోతుంది. మావాళ్ళు తెల్లవారుజామున బ్లీచింగ్ పౌడర్ చల్లేసి ఆ రోజుకి పని అయిపోయిందనుకునేవారు, మా బ్యాచ్ దిగేసరికి అందులో మిగిలింది సున్నా. వానొచ్చిన రెండోరోజుకి గోడలు జారుడు, మూడోరోజుకి నీళ్ళు ఆకుపచ్చ. ఇది కాక లీకు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ చెప్తాను, ఇలాంటివి చూస్తూ ఊరుకోలేను. ఓ బకెట్‌లో పూల్ నీళ్ళే పట్టి, మెట్టు మీద నీళ్ళలో నిలబెట్టి, బకెట్ లోపలి మట్టం, బయటి మట్టం ఒకే ఎత్తులో ఉండేలా సరిచేసి, మర్నాడు అదే టైముకి వెళ్ళి స్కేలు పెట్టి చూశాను. బకెట్‌లో తగ్గింది ఎండకి ఆవిరైంది. పూల్‌లో అంతకన్నా ఎంత ఎక్కువ తగ్గితే అంత లీకు అన్నమాట. బకెట్‌లో అర సెంటీమీటరు తగ్గింది, పూల్‌లో నాలుగున్నర. ఆ నాలుగు సెంటీమీటర్లని పొడవు వెడల్పులతో గుణించి చూపిస్తే ప్రెసిడెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రోజుకి పదివేల లీటర్లు, అంటే రెండు ట్యాంకర్ల నీళ్ళు భూమిలోకి పోతున్నాయి.

అయినా ఎవరూ కదల్లేదు. కదిలించింది బుడమేరు వాగు వరద. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ వారం మా వైపు ఎలా గడిచిందో ఇక్కడ రాయను, చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వరద తీశాక చూస్తే పూల్ నిండా బురద, పంపు రూము మునిగి మోటార్లు పోయాయి. కానీ పూల్‌ని చంపింది వరద కాదు, తర్వాత మనవాళ్ళు పడిన తొందర. బురద తోడేద్దామని రెండు డీజిల్ ఇంజన్లు పెట్టి ఒక్కరోజులో ఖాళీ చేసేశారు. చుట్టూ నేల అప్పటికింకా నీళ్ళు తాగి ఉంది. ఖాళీ పూల్ అంటే భూమిలో పాతిపెట్టిన పడవ, నేలలో నీళ్ళు పైదాకా ఉంటే దాన్ని కింద నుంచి పైకి తోస్తాయి. లోపలి నీళ్ళ బరువు ఉన్నంతసేపూ అణిగి ఉంటుంది, ఆ బరువు తీసేస్తే లేస్తుంది. తెల్లారేసరికి లోతు వైపు అడుగు కప్ప పొట్టలా ఉబ్బి, అడ్డంగా వేలు దూరేంత పగులు. మా స్టూడెంట్లకి ఇప్పుడు ఆ ఫొటో పెట్టే పాఠం చెప్తున్నా.

రిపేరా, కొత్తదా అని నాలుగు మీటింగులు జరిగాయి. కొత్తదైతే కప్పు దండగ అన్నవాళ్ళే ఎక్కువ. ఒక పెద్దాయన లేచి నీళ్ళలో ఆడుకోడానికి కూడా నీడ కావాలా అన్నారు, ఆయన పూల్‌లో దిగగా నేనెప్పుడూ చూళ్ళేదు. మేం ఆరుగురం వెళ్ళి ఒకటే మాట చెప్పాం, కప్పు వేసి, మనుషులు ఈదగలిగే టైము ఇస్తే నలభై మందిని తీసుకొస్తాం అని. అక్కడ లెక్క మారింది.

ఇక కొత్తది. బయట ఆక్వాటిక్ సెంటర్ అని బోర్డు పెట్టారు. ఆ బోర్డు చూసి ఒలింపిక్ పూల్ ఊహించుకుని రాకండి. అది 50 మీటర్ల పొడవు, 25 వెడల్పు, రెండు మీటర్ల లోతు వేసుకున్నా 25 లక్షల లీటర్లు. మాది పాత కొలతే, అయిదు లేన్లు, నాలుగు లక్షల లీటర్లు కూడా పట్టదు. పక్కన పిల్లలకి రెండడుగుల చిన్న తొట్టి. కానీ కట్టడం వరకూ శ్రద్ధగా కట్టారు, అది ఒప్పుకోవాలి. పంపు రూముని ఈసారి వరద వచ్చిన ఎత్తుకి పైన పెట్టారు, గోడ మీద ఆ గీత కూడా నీలం పెయింటుతో గీయించారు, నా భుజాల దాకా ఉంటుంది. అడుగున నేలలోని నీటి ఒత్తిడి పెరిగితే తెరుచుకునే వాల్వులు పెట్టారు, కాబట్టి కప్ప పొట్ట కథ మళ్ళీ జరగకూడదు. గట్టు మీద టైల్స్ తడిగా ఉన్నా జారవు. డ్రెస్సింగ్ రూముల తలుపులకి గడియలు పడతాయి. నవ్వకండి, పాతదాంట్లో ఒకరు లోపలుంటే ఇంకొకరు బయట కాపలా ఉండేవాళ్ళం.

లేడీస్ టైము ఇప్పుడు పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం అయిదు నుంచి ఆరు. అంటే మనుషుల టైము. మేం నలభై మందిని తెస్తామన్నాం, అరవై దాటారు. కోచ్ కూడా అమ్మాయే. మొదటి రోజు నేనేం చేశానో చెప్తా. వెల్లకిలా పడుకుని, చెవులు నీళ్ళలోకి వెళ్ళిపోయి చప్పుళ్ళన్నీ ఆగిపోయాక, పైకప్పు చూస్తూ ఆ చివర నుంచి ఈ చివరకి ఈదాను. అన్నేళ్ళు ఈదినదాన్ని బ్యాక్‌స్ట్రోక్ ఒక్కసారి కూడా చెయ్యలేదు, పైన అయిదంతస్తుల బాల్కనీలు పెట్టుకుని ఎవరు చేస్తారు? ఆ ఒక్క పొడవుకే నా మూడు నెలల ఫీజు తీరిపోయిందనిపించింది.

మా బ్యాచ్‌లో అరవై ఒక్కేళ్ళావిడ ఉన్నారు, అందరం పిన్నీ అంటాం. మోకాళ్ళ అరుగుదలకి డాక్టరు ఈత చెయ్యమంటే వచ్చారు. మొదటి రెండు వారాలూ గట్టు పట్టుకుని వదల్లేదు. కోచ్ పక్కన నిలబడి, 'మొహం ముంచి గాలి వదలండి పిన్నీ, బుడగలు కనపడాలి' అంటే, 'యాభై ఏళ్ళు కట్టెల పొయ్యి ఊదినదాన్ని, ఊపిరి వదలడం నాకు నేర్పుతావుటే' అన్నారు. ఇప్పుడు సగం పొడవు ఆగకుండా వెళ్తున్నారు. ఎండలో పదకొండింటి బ్యాచ్ అయితే ఆవిడ గేటు దాకా కూడా వచ్చేవారు కాదు.

మే నెలాఖర్లో బయట 43 డిగ్రీలున్న రోజున కాలేజీ థర్మామీటరు ముంచి చూశాను, నీళ్ళు 30. పోటీలు పెట్టే పూల్‌లో 25 నుంచి 28 ఉండాలంటారు, దానికి కాస్త ఎక్కువే, కానీ నీళ్ళు చల్లబరిచే మిషన్లు, అదే చిల్లరు గిల్లరు, ఏమీ లేకుండా ఒట్టి నీడతో బెజవాడలో ఇంత తగ్గిందంటే దండం పెట్టొచ్చు.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. గాలి.

మార్చి నుంచి హాల్లో అడుగుపెట్టగానే ఘాటు వాసన. పావుగంట ఈదితే దగ్గు, కళ్ళు మంట, ఇంటికెళ్ళాక కూడా గొంతులో గరగర. ఉబ్బసం ఉన్న ఒకమ్మాయి మానేసింది. మేనేజర్‌తో చెప్తే ఆయన ఎంతో సంతోషంగా, 'వాసన వస్తుందంటే మందు గట్టిగా పడిందని మేడమ్, మీరు ధైర్యంగా దిగండి' అన్నాడు. సరిగ్గా తలకిందులు. స్విమ్మింగ్ పూల్ వాసన అని మనం అనుకునేది మంచి క్లోరిన్ వాసన కాదు. చెమట, ఉచ్చ, ఒంటి మీద మురికి, వీటిల్లోని నైట్రోజన్‌తో క్లోరిన్ కలిస్తే క్లోరమిన్లు పుడతాయి, కళ్ళు మండించేవీ దగ్గు తెప్పించేవీ అవే. వాసన పెరిగిందంటే క్లోరిన్ మురికితో కుస్తీ పట్టి అలిసిపోయిందని అర్థం.

వాళ్ళు టెస్టు చెయ్యడం లేదని కాదు. రోజూ చేస్తారు, బోర్డు మీద రాస్తారు. చిన్న గొట్టంలో నీళ్ళు పట్టి ఓటీ (ఆర్థోటొలిడిన్ అనే రసాయనం) చుక్కలు వేస్తారు, పసుపు రంగు వస్తుంది, ముదురు పసుపొస్తే బ్రహ్మాండం అంటారు. కిటుకు అక్కడే ఉంది. ఆ చుక్కలు మొత్తం క్లోరిన్‌ని చూపిస్తాయి, పనిచేసే క్లోరిన్‌నీ మురికితో కలిసిపోయినదాన్నీ విడదీసి చెప్పలేవు. నేను కాలేజీ ల్యాబ్ నుంచి డీపీడీ కిట్ తెచ్చాను, అందులో మొదటి గోళీ వేస్తే వచ్చే గులాబీ రంగు ఫ్రీ క్లోరిన్, ఇంకో గోళీ వేశాక వచ్చేది మొత్తం, తేడా తీస్తే క్లోరమిన్లు. మేనేజర్ పక్కనుండగానే చేశాను. మొత్తం 2.6 పీపీఎం (లీటరు నీళ్ళకి 2.6 మిల్లీగ్రాములు), అంటే ఆయన బోర్డు మీద బ్రహ్మాండం. ఫ్రీ క్లోరిన్ చూస్తే 0.8. అది కనీసం 1, మామూలుగా 1 నుంచి 3 మధ్య ఉండాలి. మిగతా 1.8 అంతా క్లోరమిన్లే, అవి 0.4 దాటకుండా చూసుకోవాలి. నీళ్ళ ఆమ్లగుణం చెప్పే పీహెచ్ మాత్రం 7.4, దానికి వంక పెట్టను.

పాత పూల్‌లో ఈ బాధ ఎందుకు లేదంటే, మనం తిట్టుకున్న ఆ ఎండే చేసి పెట్టేది. ఎండ క్లోరమిన్లని కూడా విరగ్గొడుతుంది, మిగిలినవాటిని గాలి ఎత్తుకుపోతుంది. కప్పు వేసినవాళ్ళు ఎండ చేసే పనీ గాలి చేసే పనీ తామే చెయ్యాలి. మావాళ్ళు హాలుకి ఎనిమిది ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టారు, అన్నీ కప్పు కిందే, పైన. ఆ క్లోరమిన్ల గాలేమో మామూలు గాలికన్నా బరువు, నీళ్ళని అంటిపెట్టుకుని జానెడు ఎత్తులో ఉంటుంది, అంటే సరిగ్గా ఈదేవాళ్ళ ముక్కు దగ్గర. ఒక గోడకి కింద జాలీలు పెట్టి అక్కడ్నుంచి లాగి, ఎదురు గోడ నుంచి కొత్త గాలి వదలాలి. ఇప్పుడు గోడ పగలగొట్టి పెట్టడం ఖర్చే, కట్టేటప్పుడు అయితే టైల్స్ బిల్లులో పదో వంతు అయ్యేది కాదనుకుంటా. సరే, ఉన్న ఎనిమిదైనా తిరుగుతాయా అంటే, కరెంటు బిల్లని నాలుగు, కోచింగ్ పిల్లలకి విజిల్ వినపడదని ఇంకో రెండు ఆపేస్తారు.

నేరం మొత్తం వాళ్ళ మీద వెయ్యను, మనది కూడా ఉంది. నీళ్ళ అంచున టైలు మీద వేలితో రుద్దితే జిడ్డు వస్తుంది, కొబ్బరినూనె వాసనతో సహా. తలకి నూనె పెట్టుకుని, కాళ్ళకి పసుపు రాసుకుని, ఇంటి దగ్గర స్నానం చేసే వచ్చామండీ అంటూ స్కూటీ మీద చెమట కక్కుతూ వచ్చి డైరెక్టుగా దిగిపోతారు. దిగేముందు సబ్బుతో స్నానం చెయ్యాలని బోర్డుంది, షవర్లు అయిదున్నాయి, ఎవరూ చెయ్యరు. చిన్న తొట్టి సంగతి తల్లులకే తెలుసు.

ఇంకో టెన్షన్ పైకప్పు. వెల్లకిలా ఈదుతుంటే నుదుటి మీద టప్‌మని చల్లటి చుక్క పడుతుంది. వాన కాదు, హాల్లో తేమ రేకుకి పట్టి కారుతోంది. ఆ తేమలో క్లోరిన్ సరుకు ఉంటుంది, అది ఇనుముని బతకనివ్వదు. ఏడు నెలలకే కప్పుని మోసే ఇనుప చట్రం, అదే ట్రస్సు, బోల్టుల చుట్టూ చింతగింజలంత తుప్పు మచ్చలు కనపడుతున్నాయి. స్విట్జర్లాండ్‌లో ఊస్టర్ అనే ఊళ్ళో 1985లో ఇండోర్ పూల్ కాంక్రీటు సీలింగ్ కూలి 12 మంది చనిపోయారు. దాన్ని మోసే కడ్డీలు స్టెయిన్‌లెస్ స్టీలువే, ఆ గాలికి పగుళ్ళు పట్టి తెగిపోయాయి. మాది తేలిక రేకు, అంత భయం అక్కర్లేదు. కానీ ఏటా ఒకసారి పైకెక్కి బోల్టులు చూసి రంగు వెయ్యాలని కమిటీకి కాగితం రాసిచ్చాను. తీసుకున్నారు. టీ ఇచ్చారు.

ఫీజు. పాతప్పుడు నెలకి ఏడొందలు, రోజు టికెట్ నలభై. ఇప్పుడు నెలకి పద్దెనిమిది వందలు, మూడు నెలలకి నాలుగున్నర వేలు, ఏడాదికి పదహారు వేలు. రోజు టికెట్ ఎత్తేశారు. నాకు ఇది గుచ్చుకుంటోంది. నలభై రూపాయలు జేబులో పెట్టుకుని సైకిళ్ళ మీద వచ్చే పక్క వీధుల పిల్లలు ఇప్పుడు రావట్లేదు. ఎండాకాలం సెలవల్లో వాళ్ళు ఈత మానేస్తారా, ఏలూరు కాలువకి పోతారు. ప్రతి వేసవిలో కాలువల్లో, కృష్ణలో పిల్లలు మునిగిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా హాలు ఖాళీ. ఇదివరకు ఎండ అనేవారు, ఇప్పుడు నీడే కదా? ఆ మూడు గంటలు ఆ పిల్లలకి పాత రేటుకి ఇచ్చి, లైఫ్‌గార్డ్ ఒకడిని కూర్చోబెడితే సరిపోతుంది. దీనికి కూడా కాగితం రాశాను, టీ మాత్రం ఈసారి రాలేదు.

చిన్నచిన్నవి: చప్పుడు చాలా ఎక్కువ, నలుగురు పిల్లలు అరిస్తే నలభై మంది అరిచినట్టుంటుంది. కాటన్ బట్టలతో దిగనివ్వరు, నూలు పోగులు ఫిల్టర్లో ఇరుక్కుంటాయని, కాబట్టి నైలాన్ ఫుల్ డ్రెస్ కొనుక్కోండి, క్యాప్ తప్పనిసరి. లాకర్లకి తాళం మనమే తెచ్చుకోవాలి. స్కూటీలకి చోటుంది, కారు తీసుకురాకండి.

నేను మళ్ళీ మూడు నెలలకే కట్టాను. జాలీలు పెట్టిన రోజు ఏడాదికి కడతానని మేనేజర్‌కి చెప్పాను. మీరు చేరాలనుకుంటే ఒక రోజు ట్రయల్ ఇస్తారు, సాయంత్రం ఆరింటికి, అన్ని బ్యాచ్‌లూ దిగేశాక వెళ్ళి వాసన చూడండి, పొద్దున ఆరున్నరకి అంతా బాగానే ఉంటుంది. ఫ్యాన్లు తిరక్కపోతే లేడీస్ డ్రెస్సింగ్ రూము పక్క బోర్డులో కింది వరస, ఎడమ నుంచి మూడూ నాలుగూ స్విచ్‌లు. నేనైతే ఎవరినీ అడక్కుండానే వేసేస్తున్నా.